బ్యాడ్జి మీద పేరు ఎవరి కోసం?

క్రూజ్ షిప్పు ఎక్కినవాళ్ల రీల్స్ ఈ మధ్య మనందరి ఫోన్లలోకీ వస్తున్నాయి. 2022 జూన్‌లో కార్డీలియా కంపెనీ ‘ఎంప్రెస్’ షిప్పు మొదటిసారి విశాఖ నుంచి టూరిస్టులను ఎక్కించుకుని బయల్దేరింది. 2023 సెప్టెంబర్‌లో అక్కడే సుమారు 96 కోట్లతో కట్టిన ఇంటర్నేషనల్ క్రూజ్ టర్మినల్ ప్రారంభమైంది. అప్పటి నుంచి తెలుగు క్రూజ్ వ్లాగులు బాగా పెరిగాయి. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న మా రఘునాథపల్లిలో కూడా “బాల్కనీ రూముకి ఎంతనట?” అని మాట్లాడుకుంటున్నారు.

ఆ వీడియోలన్నిటిలో ఒక మాట మాత్రం తప్పకుండా వస్తుంది. “రెండో రోజుకే వెయిటర్ నన్ను పేరు పెట్టి పిలిచాడు. నా కాఫీలో చక్కెర వద్దని గుర్తుపెట్టుకున్నాడు.” వినడానికి మంచిగనే ఉంటుంది. కానీ అదే వీడియో చివరిదాకా చూడండి, ఆ వెయిటర్ పేరేంటో చెప్పరు. ఆయన చొక్కాకి బ్యాడ్జి ఉంటుంది, దాని మీద పేరు ఉంటుంది, చాలా షిప్పుల్లో ఏ దేశమో కూడా రాసి ఉంటుంది. చదవాల్సినవాళ్లకి మాత్రం చదవాలని అనిపించదు. షిప్పు మీద అతిథి పేరు గుర్తుపెట్టుకోవడం ఒకరి ఉద్యోగం. సిబ్బంది పేరు గుర్తుపెట్టుకోవడం మాత్రం ఇష్టముంటే చేసే పని. నా గొడవంతా ఈ తేడా గురించే. ఎందుకంటే ఈ తేడా షిప్పు దాటి మన హాస్టల్లోకి, మన ఫెస్టులోకి, మన ఊరి రోడ్డు మీదికి కూడా వచ్చింది.

ముందు షిప్పుల్లో మర్యాద ఎట్లా లెక్క కడతారో చూద్దాం. మనం సీఎస్ వాళ్లం కదా, లాజిక్ చూస్తే కథ సగం అర్థమవుతుంది. రాయల్ కరీబియన్ కంపెనీకి ‘క్రౌన్ అండ్ యాంకర్ సొసైటీ’ అని ఒక లాయల్టీ ప్రోగ్రామ్ ఉంది. షిప్పులో ఒక రాత్రి గడిపితే ఒక పాయింటు, సూట్ రూమ్ తీసుకుంటే రెండు. 3 పాయింట్లకి గోల్డ్, 30కి ప్లాటినం, 55కి ఎమరాల్డ్, 80కి డైమండ్, 175కి డైమండ్ ప్లస్. 700 దాటితే పినకిల్. మామూలు రూములో పినకిల్ దాకా పోవాలంటే 700 రాత్రులు, అంటే దాదాపు రెండేళ్లు సముద్రం మీదే ఉండాలి. సూట్‌లో అయితే అందులో సగం చాలు. కార్నివాల్ కంపెనీ తన క్లబ్బుకి పెట్టిన పేరు ఇంకా సరదాగా ఉంటుంది. ‘వెరీ ఇంపార్టెంట్ పర్సన్’లో మధ్యన ‘ఫన్’ చేర్చి వీఐఎఫ్‌పీ అని పిలుచుకుంది.

పైకి ఇది “మళ్లీ మళ్లీ వచ్చినవాళ్లకి కృతజ్ఞత” లాగా కనిపిస్తుంది. కానీ సూట్‌కి డబుల్ పాయింట్లు అన్న ఒక్క లైను చాలు, విషయం తెలిసిపోవడానికి. అక్కడ లెక్కపెట్టేది రాత్రులను కాదు, పైసలను. డైమండ్ కార్డు ఉన్నాయనకి రోజుకి నాలుగు డ్రింకులు ఫ్రీ. పైమెట్లు ఎక్కేకొద్దీ వేరే లాంజి, వేరే క్యూ. చెక్-ఇన్‌లో తీసిన ఫొటో కార్డుకి లింకై ఉంటుంది, స్వైప్ చేయగానే స్క్రీన్ మీద ముఖం వస్తుంది. “నన్ను గుర్తుపట్టారు” అని మనం మురిసిపోయే దాంట్లో సగం పని డేటాబేస్‌ది. మిగతా సగం మాత్రం నిజంగా మనిషిదే. వందల ముఖాల్లో మన చక్కెర సంగతి గుర్తుంచుకున్న మనిషిది. ఆ సగానికి పాయింట్ల పట్టిక లేదు.

మా రూమ్మేట్‌తో ఇదే మాట అంటే వాడు వెంటనే అన్నాడు: “అరేయ్, పైసలు పెట్టినోనికి ఎక్కువ మర్యాద చేస్తే తప్పేంది? మన పెళ్లిళ్లల్ల చెయ్యమా?” వాడి ప్రశ్నను తీసిపారేయలేం. చేస్తాం. కొత్తల్లుడు వస్తే ఇంట్లో కోడి కోస్తారు. వియ్యాలవారి బంతి వేరేగా వేస్తారు. మర్యాదల్లో తేడా వచ్చిందని అలిగి లేచిపోయిన చుట్టాలు ప్రతి ఇంటి కథలోనూ ఒకరిద్దరు ఉంటారు. కాబట్టి స్పెషల్ మర్యాద విదేశాల నుంచి వచ్చిన జబ్బు అని నేననను. అయితే మన ఇంటి మర్యాదలో ఒక గుణం ఉంది, అది తిరిగి వస్తుంది. ఇవాళ మనింట్లో వాళ్లు అతిథులు, రేపు వాళ్లింట్లో మనం. షిప్పులో వడ్డించిన మనిషి ఎన్ని కాంట్రాక్టులు చేసినా, ఆ అతిథి ఇంటికి అతిథిగా పోయే రోజు రాదు. ఒక్క వైపే నడిచే మర్యాదను ‘అతిథి దేవో భవ’ అనుకోవడం సులువు. దాని అసలు పేరు కొనుగోలు. కొనుగోలు తప్పు కాదు, కానీ కొన్నప్పుడు ధర న్యాయంగా ఉందో లేదో అడగాలి.

ఆ ధర సంగతి చూద్దాం. పెద్ద అమెరికన్ క్రూజ్ కంపెనీల్లో టిప్పు ఆటోమేటిక్‌గా బిల్లులో పడుతుంది, మనిషికి రోజుకి సుమారు 16 నుంచి 20 డాలర్లు. రూము శుభ్రం చేసేవాళ్లకి, వడ్డించేవాళ్లకి, ఇంకా కొందరికి అందులోంచి పంచుతారు. నచ్చకపోతే తీసేయమనే హక్కు అతిథికి ఉంటుంది. దిగిపోయే ముందు కౌంటర్ దగ్గరికి పోయి తీసేయించుకునేవాళ్లూ ఉంటారు. ఇక సర్వే. ట్రిప్పు అయిపోయాక “మీకు బాగా సేవ చేసిన వారి పేరు రాయండి” అని ఒక ఫారం వస్తుంది. అందులో పేరొస్తే ఆ మనిషికి మంచి రికార్డు, ప్రమోషన్‌కి ఒక మెట్టు. అందుకే చివరి రోజుల్లో సిబ్బంది వచ్చి “పదికి పది వేయండి సార్” అని నవ్వుతూ అడుగుతారు. ఆ నవ్వు వెనక ఆరు నుంచి తొమ్మిది నెలలు వారానికి ఒక్క సెలవు కూడా లేని కాంట్రాక్టు ఉంటుంది. 2006 నాటి మారిటైమ్ లేబర్ కన్వెన్షన్‌ని మన దేశం కూడా 2015లో ఒప్పుకుంది. పని గంటలకు అది పెట్టిన హద్దు రోజుకి 14, వారానికి 72. మనం సెమిస్టర్ పరీక్షలప్పుడు కూడా వారానికి 72 గంటలు చదవం.

ఈ సర్వే పద్ధతిలో డేటా సమస్య ఒకటి ఉంది, మనకి బాగా తెలిసిందే. కనిపించినవాళ్లకే ఓట్లు పడతాయి. వెయిటర్ కనిపిస్తాడు, రూము సర్దేవాళ్లు కనిపిస్తారు. లాండ్రీలో వేడికి ఉడికిపోతూ దుప్పట్లు మడిచేవాళ్లు, గిన్నెలు తోమేవాళ్లు, ఇంజిన్ రూములో ఉన్నవాళ్లు కనపడరు. సిబ్బంది తిరిగే పొడవాటి కారిడార్‌ని చాలా షిప్పుల్లో ఐ-95 అంటారు, అది అమెరికాలో ఒక పెద్ద హైవే పేరు. షిప్పు మొత్తం ఆ దారి మీదే బతుకుతుంది, అతిథి మాత్రం దాన్ని చూడడు. శాంపిలే సగం మందిని వదిలేస్తే, దాని నుంచి తీసిన ‘ఎంప్లాయీ ఆఫ్ ది మంత్’ ఎంత నిజమో మనమే ఆలోచించుకోవాలి.

అయినా ఇదంతా మామూలు రోజుల మాట. ఎవరి విలువ ఎంతో ఆపద వచ్చిన రోజు తెలుస్తుంది. 2020 ఫిబ్రవరిలో జపాన్ యోకోహామా దగ్గర ‘డైమండ్ ప్రిన్సెస్’ షిప్పుని క్వారంటైన్‌లో పెట్టారు. అందులో 3,711 మంది ఉన్నారు, 700 మందికి పైగా కరోనా సోకింది. ప్రయాణికులను రూముల్లో ఉండమన్నారు. మరి వాళ్ల తలుపు దగ్గరికి అన్నం ఎవరు తేవాలి? సిబ్బందే. ఒక్కో రూములో ఒకరికంటే ఎక్కువ మంది పడుకుంటూ, కలిసి తింటూ, మాస్కులేసుకుని ట్రేలు మోశారు. ఆ సిబ్బందిలో 132 మంది మన దేశంవాళ్లు. “మమ్మల్ని కాపాడండి” అని వాళ్లలో కొందరు పెట్టిన వీడియో అప్పట్లో మనందరం చూశాం. చివరికి ఫిబ్రవరి 27న ఎయిర్ ఇండియా విమానంలో 119 మంది భారతీయులు ఢిల్లీ చేరారు. ఆ తర్వాత ప్రపంచమంతా షిప్పులు ఆగిపోయి అతిథులు ఇళ్లకి పోయాక కూడా, వేల మంది సిబ్బంది నెలల తరబడి ఖాళీ షిప్పుల్లోనే ఉండిపోయారు.

ఇంకొకటి కోస్టా కాంకార్డియా. 2012 జనవరి 13 రాత్రి ఇటలీ తీరంలో బండకి గుద్దుకుని ఒరిగిపోయింది. 32 మంది పోయారు. అందరికంటే చివరగా దొరికిన శవం మన దేశం నుంచి వెళ్లిన ఒక వెయిటర్‌ది. 2014 నవంబర్ దాకా, అంటే దాదాపు మూడేళ్లు, ఆయన ఇంటివాళ్లు ఎదురుచూశారు.

ఆ ప్రమాదం తర్వాత ఒక రూలు గట్టిపడింది. షిప్పు కదలకముందే, లేదా కదిలిన వెంటనే, ప్రయాణికులందరికీ మస్టర్ డ్రిల్ జరగాలి. ఆపద వస్తే ఎక్కడ నిలబడాలి, జాకెట్ ఎట్లా కట్టుకోవాలి అని నేర్పే డ్రిల్ ఇది. నాకు క్రూజ్ షిప్పులో అన్నిటికంటే నచ్చింది ఈ డ్రిల్లే. అక్కడ పినకిల్ లేదు, గోల్డ్ లేదు. 700 రాత్రులు గడిపినాయనైనా, మొదటిసారి వచ్చినాయనైనా ఒకే లైనులో నిలబడాలి. పొద్దున దుప్పటి మార్చిన మనిషే అక్కడ మనకి ఆర్డరు వేస్తాడు. ఆ కాసేపు మర్యాద కంటే ఆయన మాటకి విలువ ఎక్కువ.

ఇది చిన్న విషయం కాదని మన వరంగల్‌వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. 2019 సెప్టెంబర్ 15న పాపికొండలు చూడటానికి పోయిన బోటు కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగింది. కాజీపేట పక్కన కడిపికొండ నుంచి 14 మంది అందులో ఉన్నారు, వాళ్లలో ఐదుగురే తిరిగి వచ్చారు. భోజనాల వేళ చాలామంది లైఫ్ జాకెట్లు తీసేశారని బతికి బయటపడ్డవాళ్లు చెప్పినట్టు అప్పటి వార్తల్లో వచ్చింది. మొత్తం 26 మంది బతికారు. వాళ్లని ఒడ్డుకి చేర్చింది ఏ వీఐపీ ఏర్పాటూ కాదు, చిన్న పడవలు వేసుకుని ఉరికొచ్చిన అక్కడి ఊరివాళ్లు. ఆ తర్వాత నదిలోంచి బోటుని పైకి తీసింది కాకినాడకి చెందిన ధర్మాడి సత్యం బృందం. నీళ్ల సంగతి తెలిసిన పనివాళ్లు వాళ్లు. ఆ నెల రోజులు మాత్రం రాష్ట్రమంతా వాళ్ల పేరు తలుచుకుంది.

ఇక్కడ నా అసలు పాయింటు. ఒక మనిషి జీతంలో పెద్ద ముక్క అతిథి సంతోషం మీద ఆధారపడితే, ఆ మనిషి అతిథికి “వద్దు” అని గట్టిగా చెప్పలేడు. “జాకెట్ తీయకండి” అనడానికి ధైర్యం కావాలి. “పదికి పది” అడగాల్సిన మనిషికి ఆ ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే సిబ్బందికి గుర్తింపు అంటే స్టార్లు, చప్పట్లు, టిప్పు అని ఆపేస్తే చాలదు. వాళ్ల జీతం మన మూడ్ మీద ఆధారపడకుండా ఉండటమే మొదటి గుర్తింపు. అది వాళ్లకి న్యాయం, మన ప్రాణాలకి రక్షణ.

షిప్పుని వదిలేసి మా ఊరి రోడ్డు మీదికి వద్దాం. హైదరాబాద్–వరంగల్ 163 నంబర్ హైవే మీద మా మండలంలోనే కోమల్ల టోల్ ప్లాజా ఉంది. ప్రతి టోల్ ప్లాజా దగ్గర ఒక బోర్డు ఉంటుంది, టోలు కట్టక్కర్లేనివాళ్ల జాబితా. ఎప్పుడైనా బస్సు ఆగితే చదవండి. అందులో మూడు రకాల వాళ్లున్నారు. మొదటి రకం పదవి ఉన్నవాళ్లు: రాష్ట్రపతి, ప్రధాని, గవర్నర్, మంత్రులు, ఇట్లా. రెండో రకం పరమవీర చక్ర, అశోక చక్ర లాంటివి పొందినవాళ్లు, అంటే చేసిన పనికి గౌరవం. మూడో రకం అంబులెన్సు, ఫైరింజను, శవాన్ని తీసుకుపోయే బండి, వికలాంగుల కోసం తయారైన వాహనం. అంటే అవసరం. ఇప్పుడు వీటికి నాలుగోది కూడా వచ్చింది. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయలకి 200 ట్రిప్పులతో మొదలైన ఫాస్టాగ్ యాన్యువల్ పాస్. ఇది అచ్చంగా లాయల్టీ కార్డే.

నన్నడిగితే స్పెషల్ మర్యాదకి ఆ బోర్డు మీది రెండో, మూడో కారణాలే గట్టి కారణాలు. చేసిన పని, ఉన్న అవసరం. అంబులెన్సుకి దారిస్తే ఎవరికీ కడుపుమంట ఉండదు. ముసలామెకి లైన్లో ముందు చోటిస్తే ఎవరూ గొడవ చేయరు. పదవికి, పైసలకి ఇస్తేనే వెనకున్నవాళ్లకి గుచ్చుకుంటుంది. మేడారం జాతరకి ఇదే రోడ్డు మీద బండ్లు బారులు తీరుతాయి. వీఐపీ పాసు ఉన్నాయన గద్దెల దాకా నేరుగా పోతాడు. బంగారం, అంటే బెల్లం, నెత్తిన పెట్టుకుని, పసిపిల్లను చంకన ఎత్తుకున్న తల్లి గంటలు గంటలు నిలబడుతుంది. రాజుకి ఎదురు నిలిచి పోరాడిన తల్లీబిడ్డల జాతర అది. అక్కడ వీఐపీ లైను ఉండటం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది. ఇక జాతర అయిపోయిన తెల్లారి ఆ అడవిలో చెత్త ఎత్తే పారిశుధ్య కార్మికుల పేర్లు ఏ ఫ్లెక్సీ మీదా చూడలేదు.

“మరి ఏం చేద్దామంటవ్, పేరు పెట్టి పిలుద్దామా?” అని అడగొచ్చు. ఇక్కడ మన భాషకి ఒక ప్రత్యేకత ఉంది. పెద్దవాళ్లని పేరు పెట్టి పిలవడం మనకి మర్యాద కాదు. మెస్‌లో వడ్డించే ఆమెని “అక్కా, ఇంకో గరిటె సాంబార్” అంటాం, వాచ్‌మన్‌ని “అన్నా, జర గేటు తియ్” అంటాం. ‘సర్వర్’ అని అరిచేదానికంటే ఇది వంద రెట్లు నయం. కానీ ఆ ‘అక్కా’ చాటున మనం ఒక సుఖం కూడా పొందుతున్నాం. నాలుగేళ్లు ‘అక్కా’ అనొచ్చు, ఆమె పేరేంటో, ఏ ఊరి నుంచి పొద్దున ఎన్నింటికి బయల్దేరుతుందో, ఈ నెల జీతం పడిందో లేదో తెలియకుండానే. పేరు పెట్టి పిలవడం వేరు, పేరు తెలిసి ఉండటం వేరు. అక్కా అని పిలిచినందుకు తమ్ముడిగా మనకి కూడా కొంచెం బాధ్యత ఉంటుంది కదా.

2021 జూన్‌లో హైదరాబాద్‌లో ఒక కస్టమర్‌కి వానలో సైకిల్ మీద చాయ్ తెచ్చిచ్చాడు ఒక డెలివరీ అబ్బాయి. అతను మనలాగే బీటెక్ స్టూడెంట్. సుమారు 9 కిలోమీటర్లు 20 నిమిషాల్లో తొక్కాడు. ఆ కస్టమర్ ఫేస్‌బుక్‌లో రాస్తే ఒక్క రోజులోనే 70 వేల రూపాయలకి పైగా పోగైంది, బండి కొనిచ్చారు. మంచి మనసుతో చేసిన పని, చదివినప్పుడు నాకూ సంతోషమైంది. కానీ ఆ రోజు అదే వానలో ఎంతమంది తిరిగి ఉంటారు? పోస్టు పడినవాడికి బండి వచ్చింది, పడనివాడికి రేటింగ్ మాత్రం వచ్చింది. దయ ఒక్కొక్కరిని ఎంచుకుంటుంది, హక్కు అందరికీ వస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో గిగ్ వర్కర్ల రిజిస్ట్రేషన్, సంక్షేమం కోసం ముసాయిదా బిల్లు బయటపెట్టినప్పుడు మన గ్రూపుల్లో దాని మీద ఒక్క మెసేజ్ కూడా రాలేదు. సైకిల్ అబ్బాయి కథ మాత్రం ఇప్పటికీ ఫార్వర్డ్ అవుతూనే ఉంది. రేపు ఆ యాప్‌లు రాసేది మనమే. అయిదు స్టార్ల బటన్ పెట్టేది మనమే. నాలుగు స్టార్లిస్తే అవతల ఎవరి ఆర్డర్లు తగ్గాలో నిర్ణయించే ఫంక్షన్ రాసేది కూడా మనలో ఒకరే.

అందుకని పెద్ద పెద్ద మాటలు కాకుండా, మనం చేయగలిగిన నాలుగు పనులు చెప్తాను.

ఒకటి. మన ఫెస్టులో చీఫ్ గెస్టుకి శాలువా, బొకే, మెమెంటో ఇస్తాం. ఇద్దాం. కానీ కుర్చీలు వేసినవాళ్లకి, కరెంటు చూసినవాళ్లకి, తెల్లారి ఆడిటోరియం ఊడ్చినవాళ్లకి ఇవ్వాల్సిన పైసలు శాలువా కొనకముందే బడ్జెట్లో విడిగా తీసిపెడదాం, అదే రోజు చేతికి ఇద్దాం. శాలువా ఆలస్యమైతే ఫర్వాలేదు, కూలి ఆలస్యం కావద్దు.

రెండు. వోట్ ఆఫ్ థాంక్స్‌లో “నాన్-టీచింగ్ స్టాఫ్‌కి కూడా” అని ఒక్క ముక్కలో ముగించొద్దు. వాళ్లు ఒప్పుకుంటే పేర్లు చదువుదాం. ఈ ఈ-మ్యాగజైన్ చివరి పేజీలో ఎడిటర్ల పేర్ల కింద వాళ్ల పేర్లూ వేద్దాం. స్టేజీ వెనక పనిచేసినవాళ్లవి ముందు వేద్దాం, ఎందుకంటే వాళ్లకి ఎవరూ ఓటు వేయరు.

మూడు. ఎక్కడైనా రేటింగ్ ఇచ్చేటప్పుడు తప్పు మనిషిదా, సిస్టమ్‌దా అని అర నిమిషం ఆలోచిద్దాం. ట్రాఫిక్‌కి, కంపెనీ పెట్టిన టైమర్‌కి మనిషి మార్కులు కోయొద్దు.

నాలుగు. “వద్దు” అన్న పనివాళ్లని మెచ్చుకుందాం. బోటులో జాకెట్ వేసుకోమన్నాయన, ల్యాబ్‌లో తడి చేత్తో స్విచ్ ముట్టొద్దని కసిరిన అటెండర్, లైన్లో మధ్యన దూరనివ్వని సెక్యూరిటీ అన్న. మనకి ఆ క్షణంలో కోపమొస్తుంది. కానీ మన మీద నిజంగా శ్రద్ధ ఉన్నది వాళ్లకే.

మా రూమ్మేట్ ఇదంతా చదివి “అయితే నువ్వు జీవితంలో క్రూజ్ ఎక్కవా?” అన్నాడు. ఎందుకు ఎక్కను? పైసలుంటే తప్పకుండా ఎక్కుతా. సముద్రం చూడాలని నాకూ ఉంది. కాకపోతే బిల్లులో పడ్డ టిప్పుని తీసేయించను, సర్వేలో పేరుతో పాటు “లాండ్రీవాళ్లకి కూడా” అని రాస్తా, మస్టర్ డ్రిల్‌కి అందరికంటే ముందు పోయి నిలబడతా.